వేదిక మీద జంగమయ్య

గురువారం పొద్దున బసవయ్య స్నానం చేసి, మెడలోని లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని విభూతి అద్దుతుండగా ఇంటి ముందు కారు ఆగిన చప్పుడైంది. ఛత్రినాకలో ఆ గల్లీలోకి కార్లు రావు. వచ్చినవాళ్ళు మలుపు దగ్గరే ఆపి నడిచి వస్తారు. గడపదాకా తెచ్చి, వెనక్కి ఎట్లా తియ్యాలో తర్వాత చూసుకునే మనిషి శ్రవణ్‌కుమార్ ఒక్కడే.

బసవయ్య పూజ ఆపలేదు. మూడు మారేడు దళాలు లింగం మీద పెట్టి, కళ్ళు మూసుకుని, మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు కూర్చున్నాడు. తనకోసం ఒకరు బయట నిలబడి ఎదురుచూడటం ఆయనకు బాగుంది. గుడి కమిటీ పూజారి పనినుంచి తీసేసి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో గల్లీలో ఎవరూ గృహప్రవేశానికి పిలవలేదు, చావుకూ పిలవలేదు. ఫోను మోగితే శ్రవణ్‌కుమార్‌దే అయి ఉండేది.

శ్రవణ్‌కుమార్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెడలో లేత నీలం కండువా. ఏకనాద కుటుంబం వాళ్ళందరికీ అదే గుర్తు. అన్ని మతాల అడుగునా ఒకటే నాదం ఉందని చెప్పే ఆ కొత్త మార్గాన్ని పదేళ్ళ కింద ఒక రిటైరైన ప్రొఫెసర్ మొదలుపెట్టాడు. ఇప్పుడు జల్‌పల్లిలో కొత్త ప్లాట్ల నడుమ వాళ్ళకు అయిదు వందల మంది పట్టే హాలుంది. ఇతర మతాల అయ్యలను, పాస్టర్లను, మౌల్వీలను వెతికి పట్టుకుని, ఆ హాలు వేదిక మీదికి తేవడం శ్రవణ్‌కుమార్ పని.

"ఆదివారం ప్రోగ్రామ్ పెద్దది గురూజీ," అంటూ అతను చంకలోని ఫ్లెక్సీ చుట్ట తీసి నేల మీద పరిచాడు. గది చిన్నది కావడంతో ఒక అంచు పొయ్యి గట్టు కిందికి పోయింది.

ఫ్లెక్సీ మీద బసవయ్య నిలువెత్తు బొమ్మ. చేతిలో శంఖం, పక్కన తవ్విన గుంత, ఎర్రమట్టి కుప్ప. కింద పెద్ద అక్షరాల్లో, 'హిజ్రాకు అంత్యక్రియలు చేసిన జంగమయ్య' అని రాసి ఉంది. మూడు నెలల కింద ఎవరో సెల్‌ఫోనులో తీసిన వీడియోలోనిది ఆ బొమ్మ. ఆ వీడియోలో ఆయన భుజం వెనక ఒక చీర కొంగు కనిపించేది, ఆకుపచ్చ మీద పసుపు గీతలున్న కొంగు. ఫ్లెక్సీలో అది లేదు. తీసేసి ఆ చోట ఆకాశం పెట్టారు. బసవయ్య ఆ నీలిరంగు ముక్క మీద వేలు పెట్టి చూసి, మళ్ళీ తీసుకున్నాడు.

శ్రవణ్‌కుమార్‌కు ఇంకొక సంగతి కావాలి. చనిపోయినామె దగ్గరివాళ్ళు ఎవరైనా వేదిక మీదికొచ్చి బసవయ్యకు దండ వేస్తే చూసేవాళ్ళ మనసుకు తాకుతుందన్నాడు. ఆమె శిష్యురాలు ఒకామె ఈ దగ్గరే కర్రీ పాయింట్ నడుపుతుందట కదా, మీరు అడిగితే కాదనదు అన్నాడు.

బసవయ్య ఫ్లెక్సీ అంచును పొయ్యి గట్టు కిందినుంచి లాగాడు. తర్వాత, అడుగుతానన్నాడు.

కారు వెనక్కి తియ్యడానికి పావుగంట పట్టింది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారుగానీ ఎవరూ బయటికి రాలేదు. బసవయ్యే వెనక నడుస్తూ, చెయ్యి ఊపుతూ, మలుపుదాకా దారి చూపించాడు.

ఆ శిష్యురాలు స్వీటీ. ఆమె కర్రీ పాయింట్ రైల్వే గేటుకు పోయే దారిలో ఉంది. మర్నాడు సాయంత్రం బసవయ్య పోయేసరికి ఆమె వంకాయలు నూనెలో వేస్తోంది. చీర కొంగు నడుముకు బిగించి, జుట్టు మీద ప్లాస్టిక్ టోపీ పెట్టుకుంది. ఆయన్ను చూసి జాలిగరిటె పక్కన పెట్టి స్టూలు జరిపింది.

"కూసోండ్రి అయ్యగారూ."

బసవయ్య కూర్చోలేదు. ముందు పప్పు ఎంత అని అడిగాడు. ఆమె చెప్పింది. ప్యాకెట్ కట్టించుకున్నాడు, వేడికి దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఆదివారం సంగతి చెప్పాడు. వాళ్ళే కారు పంపుతారని, ఒక గంట పని అని, దండ కూడా వాళ్ళే తెస్తారని చెప్పాడు. స్వీటీ వంకాయలు తిరగేస్తూ అంతా విన్నది.

"దండ వెయ్యాలంటే అమ్మకు వేస్త," అన్నది చివరికి.

"ఏ అమ్మకు?"

"నాగమణమ్మకు, మీ ఇంటామెకు. ఇంకెవరికి?"

ఒక పిల్లగాడి తల్లి వచ్చి కోడిగుడ్డు కూర అడిగింది. స్వీటీ గిన్నె మూత తీసి, కొలిచి, కవరులో పోసి రబ్బరు వేసింది. ఆమె డబ్బులిచ్చి పోయింది.

"నేను పొద్దున పదింటికి గుడి కాడికొచ్చి మిమ్మల్ని పిలిచిన," అన్నది స్వీటీ. ఆమె గొంతులో కోపం లేదు. "బేబీ అమ్మ మీవాళ్ళల్ల పుట్టింది, సచ్చేదాక లింగం మెడల్నే ఉన్నది, జంగమయ్య వచ్చి పాదం పెడితెనే మట్టియ్యిమన్నది అని చెప్పిన. తానం చేసి వస్త పా అన్నరు. మధ్యాన్నందాక చూసినం. నాగమణమ్మ వచ్చింది. విభూతి, పత్రి, గంట, శంఖం అన్నీ సంచిల వేసుకొని ఒక్కతే నడుసుకుంట వచ్చింది. బేబీ అమ్మను గుంతల కూసోబెట్టినంక లింగం చేతిల పెట్టింది. మంత్రాలన్నీ తనే చదివింది. ఆమె పాదమే తల మీద పెట్టింది. పెట్టినంక వంగి, పాదం పెట్టిన జాగ చేత్తోటి తుడిచి మొక్కింది. అట్ల ఎవరన్న చేస్తరా నాకు తెల్వదు. మీరొచ్చింది నాలుగింటికి. ప్రదోషం పూజకు శంఖం కావాలని వచ్చిండ్రు."

బసవయ్య ప్యాకెట్ వైపు చూశాడు. "ఎవరికన్న చెప్పినవా?"

"నన్నెవరు అడుగుతరు అయ్యగారూ," అని ఆమె వంకాయలు దించి, మిరపకాయలు వేసింది. పొగకు ఇద్దరూ దగ్గారు.

ఇంటికి పోయి ఆయన పప్పు, అన్నం తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు. యాకుత్‌పురాలో వదినె ఇంటికి ఫోను చేశాడు. నాగమణమ్మ మట్టిచేసిన పదకొండో రోజున, అంటే బేబీ దినాలు స్వీటీ వాళ్ళు జరుపుకున్న రోజున, రెండు చీరలు సంచిలో పెట్టుకుని అక్క దగ్గరికి పోయింది. ఇంతవరకు తిరిగి రాలేదు. వదినె ఫోను ఎత్తి, చెల్లె చీరలకు ఫాల్ కుడుతుందని, చేతులు ఖాళీ లేవని చెప్పింది. వెనక టీవీ చప్పుడు వినిపించింది. బసవయ్య, ఊరికెనే చేసిన అని పెట్టేశాడు.

శనివారం శ్రవణ్‌కుమార్‌కు, స్వీటీ రానన్నదని మాత్రం చెప్పాడు. అతను ఏమీ బాధపడలేదు. ఫికర్ చేయకండి గురూజీ, మేం చూసుకుంటాం అన్నాడు.

ఆదివారం హాలు వెనక గదిలో ముగ్గురిని కూర్చోబెట్టారు. బసవయ్య, జయరత్నం అనే పాస్టరు, గుల్జార్ దగ్గర ఒక చిన్న మసీదులో ఒకప్పుడు నమాజు చేయించిన మౌల్వీ. ముగ్గురికీ కొత్త బట్టలిచ్చారు. బసవయ్యకు కాషాయం పంచె, పైన అదే రంగు శాలువా. ఆయన ఎన్నడూ కాషాయం కట్టలేదు, తెల్లపంచెలే కట్టాడు. అయినా ఏమీ అనకుండా కట్టుకున్నాడు.

ప్లేట్లలో ఇడ్లీ వచ్చింది. పాస్టరు తన గారెను బసవయ్య ప్లేటులో వేసి, డాక్టరు నూనె వద్దన్నాడని చెప్పాడు. విడాకులైన ఇద్దరికి పెళ్ళి చేసినందుకు ఆయన్ను చర్చివాళ్ళు పంపేశారు. మౌల్వీ సంగతి ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

"మన ముగ్గురిని సర్వమతాల ప్రతినిధులంటరు," అన్నాడు పాస్టరు మెల్లగా. "ముగ్గురిల ఒక్కరికి గూడ సొంత మతపోళ్ళు తలుపు తీయరు."

మౌల్వీ నవ్వాడు. బసవయ్యకు కూడా నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత పక్కన మనుషులుండగా తిన్నాడేమో, రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్నాడు.

హాలు నిండింది. నీలం కండువాలు వరసలు వరసలుగా ఉన్నాయి. ప్రొఫెసర్ గారు మొదట పది నిమిషాలు కళ్ళు మూసుకుని ఒకే స్వరం పలికారు, అందరూ పలికారు. ఆ శబ్దం బసవయ్య పక్కటెముకలదాకా వచ్చింది. తర్వాత శ్రవణ్‌కుమార్ మైకు తీసుకుని ఆయన కథ చెప్పాడు. ప్రతిసారీ అందులో కొంత పెరుగుతోంది. కిందటి నెల వరకు కమిటీ వద్దన్నా వెళ్ళాడన్నది ఉండేది. ఇప్పుడు వర్షం కూడా వచ్చింది. వర్షంలో, ఒంటరిగా, నెత్తి మీద శాలువా కప్పుకుని నడిచి పోయాడట. వెనక పెద్ద తెర మీద ఫ్లెక్సీలోని బొమ్మే పడింది. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది.

"ఆ తల్లి శిష్యురాలు ఇప్పుడు గురూజీని సన్మానిస్తుంది," అన్నాడు శ్రవణ్‌కుమార్.

పట్టుచీర కట్టుకున్న ఒక హిజ్రా మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బసవయ్య ఆమెను ఎన్నడూ చూడలేదు. చేతుల్లో పెద్ద గులాబీల దండ, బరువుకు మణికట్లు వంగాయి. దండ వేస్తూ ఆమె ఆయన చెవి దగ్గరగా వంగింది.

"మాఫ్ చేయండ్రి స్వామీ," అన్నది చిన్నగా. "సచ్చిపోయినామె పేరేంది? వీళ్ళను అడిగితే ఎవరికీ తెల్వదన్నరు."

"బేబీ," అన్నాడు బసవయ్య.

ఆమె తలూపి, రెండు చేతులూ జోడించి, ఆ పేరు పెదవుల మీద ఒకసారి పలికి, దిగిపోయింది. చప్పట్లు మోగుతున్నాయి. బసవయ్య దండ తీసి కుర్చీ మీద పెట్టి, మైకు దగ్గరికి పోయాడు. మైకు కడ్డీని పట్టుకున్నాడు.

"నేను చెయ్యలే," అన్నాడు. "ఆ కర్మ చేసింది నాగమణమ్మ. నా భార్య. నన్ను పిలిస్తే నేను పోలేదు. భయపడ్డ. శంఖం కోసం పోయిన, అప్పుడు వీడియో తీసిండ్రు. సచ్చిపోయినామె పేరు బేబీ."

 ఆయన మైకు దగ్గరే నిలబడి, ఎవరైనా లేచి తిడతారేమోనని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

శ్రవణ్‌కుమార్ రెండో మైకు అందుకున్నాడు. "చూశారా," అన్నాడు, గొంతు నిజంగానే తడిగా ఉంది. "తను చేసిన పుణ్యం కూడా అర్ధాంగికి ఇచ్చేశారు. భయపడ్డానని ఒప్పుకున్నారు. ఇంత అహంకారం లేని మనిషిని మనం ఎక్కడ చూస్తాం?"

ముందు ఒక్కరు, తర్వాత పదిమంది, తర్వాత హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మౌల్వీ లేచి ఆయన్ను కౌగిలించుకున్నాడు. పాస్టరు మాత్రం కూర్చునే ఉండి, తల పక్కకు వంచి, బసవయ్య మొహంలోకి చూశాడు. కార్యక్రమం అయ్యాక నీలం కండువాల వాళ్ళు వరసగా వచ్చి పాదాలు ముట్టారు. ఆయన పాదాలు వెనక్కి తీసుకుంటుంటే, అది కూడా వినయమే అనుకుని ఇంకా ముందుకు వంగారు.

తిరుగు దారిలో శ్రవణ్‌కుమారే కారు నడిపాడు. చాంద్రాయణగుట్ట దాటాక బసవయ్య అన్నాడు. "బాబూ, నేను నిజం చెప్పిన."

శ్రవణ్‌కుమార్ ముందున్న ఆటో కదిలేదాకా ఆగాడు. "తెలుసు గురూజీ. నిన్న నేనే స్వీటీ గారిని కలిశాను. ఆమె అంతా చెప్పారు."

"తెలిసి గూడ..."

"ఎవరు చేసినా చేయాల్సిన పనే కదా అది. వినేవాళ్ళకు ఒక మనిషి కావాలి. మేడమ్ గారు వేదిక ఎక్కరు, మీరు ఎక్కుతారు." అతను చెడ్డగా అనలేదు. అద్దంలోంచి బసవయ్యను చూసి నవ్వాడు. "ఈ రోజు చెప్పినట్టే పదిహేనో తారీఖున బెంగళూరులో కూడా చెప్పండి. చాలా మందికి పనికొస్తుంది."

సోమవారం పొద్దున బసవయ్య ఉప్పుగూడలో రైలెక్కి, ఒక్క స్టేషను తర్వాత యాకుత్‌పురాలో దిగాడు. వదినె ఇల్లు పట్టాలకు దగ్గర. ఆమె గుడికి పోయింది. తలుపు తీసే ఉంది. నాగమణమ్మ కిటికీ కింద చాప మీద కూర్చుని, ఒళ్ళో ముదురు ఎరుపు చీర పెట్టుకుని ఫాల్ కుడుతోంది. పక్కన ఇంకా ఆరేడు చీరలు, వాటి రంగుకు సరిపోయే దారపుండలు ఉన్నాయి. ఆయన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుండ వైపు చూపించింది. ఆయనే నీళ్ళు ముంచుకుని తాగి, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నిన్న అందరి ముంగట చెప్పిన," అన్నాడు. "నేను చెయ్యలేదని. నువ్వు చేసినవని."

నాగమణమ్మ సూది ఆపలేదు. "ఇంతకుముందు గూడ చెప్పినవ్ గద. కమిటీల విఠల్‌రావు సేఠ్ ముంగట. నాదేం తప్పు లేదు, నా భార్య చేసిందని చేతులు జోడించి చెప్పినవ్. వాళ్ళు నమ్మలే. నమ్మితే నిన్ను ఉంచుకొని నన్ను తిట్టి ఊకుందురు." చీర అంచు లాగి సరిచేసుకుంది. "వాళ్ళ దగ్గర నిజం. ఈ నీలం కండువాలోళ్ళ దగ్గర మూడు నెలలు అబద్ధం. నీకు ఏది ఏడ అక్కరకొస్తే ఆడ అది."

 బయట గూడ్సు బండి పోయింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"ఎందుకు పోలేదని అడిగిన్రా వాళ్ళు?"

"భయపడ్డనని చెప్పిన."

"దేనికి భయం?"

"కమిటీకి."

ఆమె దారం పళ్ళతో కొరికి, సూదిని చీరకు గుచ్చి, మొదటిసారి తల ఎత్తి చూసింది. "స్వీటీ వచ్చిన పొద్దుకు కమిటీల ఎవ్వరికీ ఏం తెల్వదు. సేఠ్ ఊర్లనే లేడు, సాయంత్రానికి వచ్చిండు. అంతసేపు నువ్వు గర్భగుడి మెట్ల మీద కూసోని హారతి పళ్ళాలు తోముకుంటున్నవ్. తోమినయే మళ్ళ తోమినవ్. నేను జూసిన."

బసవయ్య అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కుండ వైపు, చీరల వైపు చూశాడు. చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆమె వైపు చూడలేదు.

"భయం కాదు," అన్నాడు. "పాదం తల మీద పెట్టాలె గద. నా కాలు ఆమెకు తగలాలె. తానం చేద్దామని బకెట్ల నీళ్ళు పట్టిన. అప్పుడు యాదికొచ్చింది అది. ఒళ్ళు జలదరించింది. రోత అనిపించింది నాగమణీ. ఎందరికో పెట్టిన, రోగాలోళ్ళకు పెట్టిన, రైలు కింద పడ్డోనికి పెట్టిన. ఎన్నడు అట్ల అనిపియ్యలే. ఆమెకు పెట్టాలంటే అనిపించింది. మనసుకు శానా చెప్పుకున్న. కాలు లేవలే."

 బసవయ్య ఆమె లేచి లోపలికి పోతుందనుకున్నాడు. ఆమె లేవలేదు. చేతిలోని చీరను మడత పెట్టింది, మళ్ళీ విప్పింది.

"బేబీకి తెలుసు," అన్నది.

"ఏంది?"

"ఇరవై ఏండ్లు మన గుడికి పూలు తెచ్చింది. గేటు బయట నిలబడి నా చేతికిచ్చి పోయేది. లోపలికి వచ్చి దండం పెట్టుకోమని ఎన్నిసార్లు పిలిచిన్నో లెక్క లేదు. అయ్యగారి మొహం జూసిన్నమ్మా, రాను అనేది. నువ్వేమన్న అన్నవేమో అనుకొని ఒకపారి అడిగిన. అయ్యగారు ఒక్క మాట గూడ అనలే, మంచోడే అన్నది."

బసవయ్య కళ్ళు మూసుకున్నాడు. గేటు, పూలు, ఆమె వేలి ఉంగరాలు యాదికొచ్చాయి. మొహం ఎంత వెతికినా యాదికి రాలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

జేబులో ఫోను మోగింది. ఆయన తియ్యలేదు. ఆగి, మళ్ళీ మోగింది.

"ఎత్తు," అన్నది నాగమణమ్మ.

శ్రవణ్‌కుమార్ బెంగళూరు టికెట్ల కోసం ఆధార్ నంబరు అడుగుతున్నాడు. నిన్నటి వీడియో చాలామంది చూశారని, ప్రొఫెసర్ గారు స్వయంగా మెచ్చుకున్నారని చెప్పాడు. బసవయ్య అంతా విన్నాడు.

"నేను రాను బాబూ," అన్నాడు.

ఒంట్లో బాగాలేదా, ఇంకో తారీఖు చూద్దామా అని అతను అడిగాడు. నిన్న చెప్పినదాంట్లో ఇంకేమన్నా కలపాలనుకుంటే కలపొచ్చు, ఏది చెప్పినా మా వాళ్ళు వింటారు అన్నాడు.

"వింటరు. అందుకే రాను," అన్నాడు బసవయ్య. "కారు గూడ పంపకు." ఫోను జేబులో పెట్టుకున్నాడు. రేపటినుంచి ఇక ఇది మోగదు అనుకున్నాడు. 

నాగమణమ్మ ఎరుపు చీర పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. సూదిలోకి దారం ఎక్కడం లేదు. రెండుసార్లు తడిపి చూసింది. ఆయన చెయ్యి చాపితే ఇవ్వకుండా, కిటికీ వెలుతురుకు పట్టుకుని మూడోసారి తనే ఎక్కించుకుంది.

 ఎండ చాప అంచు దాకా వచ్చింది. బసవయ్య లేచి పంచె దులుపుకున్నాడు.

"ఇంటికి వస్తవా?" అని అడిగాడు.

"రాను."

ఆయన తలూపి చెప్పులు వేసుకోవడానికి గడప దాటాడు. ఎడమకాలి చెప్పు వేసుకుంటుండగా లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది. కుడుతూనే అంటోంది, తల ఎత్తినట్టు లేదు.

"అక్క సోమారం సోమారం గుడికి పోతది. పదింటిదాక రాదు. ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట." కొంచెం ఆగి అన్నది. "నువ్వు రా."